రెండు పేర్ల కుర్రాడు

"నన్ను చంపేశారండీ," అన్నాడా కుర్రాడు గుమ్మంలోనే నిలబడి.

టైపు మిషను ముందున్న సంతోషకుమారి ఉలిక్కిపడి తలెత్తింది. చచ్చినవాడిలా ఏమీ లేడు, నిక్షేపంగా రెండు కాళ్ల మీదే ఉన్నాడు. కాకపోతే మొహంలో నెత్తురుచుక్క లేదు. చేతిలో ఒక కాగితం ఉంది.

అది గుంటూరు అరండల్‌పేటలో సోడా కొట్టు మీద మేడగది. బయట 'మొహిద్దీన్ బాషా, ప్రైవేటు డిటెక్టివ్' అని బోర్డుంది. బోర్డు ఘనమైనదే. వచ్చే కేసులే పెళ్లికొడుకుల గుణగణాలు, పోయిన స్కూటర్లు. అయినా సరే, సంతోషకుమారి దృష్టిలో తన యజమానిని మించిన బుర్ర ఈ జిల్లాలోనే లేదు. ఆ మాట ఎవరైనా కాదంటే ఆమె ఊరుకునేది కూడా కాదు.

"కూర్చో బాబూ," అన్నాడు బాషా. "ముందు నీళ్లు తాగు. నీ పేరు?"

"కాలేజీలో చెంచయ్యండి. ఇంటి దగ్గర యేసుపాదం."

బాషా కనుబొమ్మలు లేచాయి. సంతోషకుమారికి మాత్రం వివరం అక్కర్లేకపోయింది. ఎస్సీ కుటుంబంలో పుట్టినవాడు చర్చికి వెళితే ప్రభుత్వం దృష్టిలో ఎస్సీ కాడు. కోటా సీటు పోతుంది, హాస్టలు పోతుంది. ఊళ్లో మాత్రం అతన్ని నిలబెట్టే చోటు అంగుళం మారదు. అందుకే చాలా ఇళ్లల్లో బాప్తిస్మానికి ఒక పేరు, బడి రిజిస్టరుకి ఒక పేరు. ఆమె తమ్ముడికీ రెండు ఉన్నాయి.

కాగితం లా కాలేజీ ప్రిన్సిపాలు ఇచ్చిన నోటీసు. చెంచయ్య క్రైస్తవుడై ఉండి ఎస్సీ కోటాలో చేరినట్టు మే పదిహేనో తేదీన పేరు లేని ఫిర్యాదు అందిందనీ, జూన్ ఇరవై మూడు, సోమవారం ఉదయం పదకొండుకి వచ్చి సంజాయిషీ ఇవ్వకపోతే అడ్మిషనూ, రాసిన పరీక్షలూ రద్దవుతాయనీ దాని సారాంశం. మూడేళ్ల లా చదువు అయిపోయింది. ఫలితాలు రావడమే మిగిలింది.

నోటీసుకి ఒక జిరాక్సు కాపీ కుట్టి ఉంది. ఫిర్యాదుతో పాటు పంపిన చీటీ అది. గుండ్రటి తెలుగు అక్షరాల్లో ఇలా ఉంది: 'ప్రార్థన మనవి. మా అబ్బాయి యేసుపాదం, కాలేజీలో చెంచయ్య, లాయరు పరీక్ష, కంపెనీ లా, హాల్ టికెట్ నంబరు 4127. ప్రభువు జ్ఞాపకం చేసుకోవాలి.'

"ఇది ఎవరి చేతిరాతో తెలుసా?"

"మా ఊరి పాస్టరుగారి భార్య రెబ్కమ్మగారిదండి. ప్రత్తిపాడు. కానీ ఆవిడ నాకు చెడుపు చెయ్యదు. చేసింది సుభానీయే. నా రూమ్మేటు. వాడికొక్కడికే నా రెండు పేర్లూ తెలుసు. వాడికి టైపు వచ్చు, ఫిర్యాదు టైపు చేసి ఉందంట."

బాషా జిరాక్సు మూలన ఉన్న మరక వైపే చూస్తున్నాడు. లేచి గోడకున్న చిన్న అద్దం ముందు దాన్ని పట్టుకున్నాడు. భుజం మీదుగా తొంగిచూసిన సంతోషకుమారికి, ఉల్టాగా ఉన్న మరక అద్దంలో సరిగ్గా తిరిగి, ఇంగ్లీషులో '7 జూన్' అని కనబడింది.

"జూన్ ఏడా? ఫిర్యాదు మే పదిహేనునే వచ్చిందిగా సార్!"

"అదేగా తమాషా," అన్నాడు బాషా.

కుర్రాడు ఇదేదీ వినడం లేదు. "కంపెనీ పేరు మార్చుకున్నా దాని హక్కులు మారవు, బాధ్యతలు మారవు. కంపెనీ చట్టంలో సెక్షనుందండి. పరీక్షలో వచ్చింది. నాలుగు పేజీలు రాశాను," అని ఏడ్చేశాడు.

సుభానీ హాస్టలు వరండాలో దొరికాడు. సన్నగా, ఎముకల గూడులా ఉన్నాడు. విషయం వినగానే మండిపడ్డాడు.

"నేనా? వాడి గురించి నేను రాస్తానా? మూడేళ్లు ఒకే కంచంలో తిన్నాం సార్! వారం నుంచి మొహం తిప్పుకుని పోతుంటే ఎందుకో అనుకున్నా. ఇదా సంగతి! వాడి బుర్ర కాలిపోనూ!"

"కంపెనీ లా ఏ పుస్తకంలో చదివారు?" అన్నాడు బాషా.

"లైబ్రరీది సార్. ఇద్దరికీ ఒకటే. చదువుకోడానికి ఇచ్చిన సెలవుల్లో వాడు ఇంటికి పట్టుకెళ్లాడు. మే అయిదున పరీక్ష. ఏడో తారీకున నేనే వాపసిచ్చా."

"లోపల ఏమైనా కాగితాలున్నాయా?"

"నేను తెరవనే లేదు సార్. పరీక్షయ్యాక ఆ పుస్తకం మొహం ఎవడు చూస్తాడు?"

"లైబ్రరీ పుస్తకం ఎన్నాళ్లు ఉంచుకోవచ్చు?"

"మాకు రెండు వారాలు. లెక్చరర్లకి నెల. మే ఎనిమిది నుంచీ వేసవి సెలవులు, లైబ్రరీ మూత."

బాషా తల పంకించాడు. మెట్లు దిగుతుంటే సుభానీ వెనకనుంచి కేకేశాడు: "సార్, వాడు అన్నం తింటున్నాడా?"

మర్నాడు ప్రత్తిపాడు బస్సెక్కారు. దారి పొడవునా నల్లరేగడి నెర్రెలిచ్చి వాన కోసం నోరు తెరిచి ఉంది. పత్తి విత్తనాలు ఇళ్లల్లోనే ఉన్నాయి, ఆకాశంలో మబ్బుతునక లేదు. సంతోషకుమారికి ఎందుకో మనసంతా దిగాలుగా ఉంది.

రెబ్కమ్మ చీటీ చూడగానే గుర్తుపట్టింది. "నేనే రాశాను. వాళ్లమ్మ ప్రేమమ్మ రాయించుకుంది. ఒకటి కాదు, రెండు. ఒకటి ఆదివారం ఆరాధనలో చదివాం. ఇదిగో, పెట్టెలోనే ఉంది."

"రెండోది?"

"ఎందుకే అంటే నవ్వి ఊరుకుంది."

"మరి హాల్ టికెట్ నంబరు ఎందుకు రాశారండీ?" అని అడిగింది సంతోషకుమారి.

"ఆవిడే రాయమంది. కొడుకు టికెట్టు పట్టుకొచ్చి చూపించింది. 'యేసుపాదాలూ చెంచయ్యలూ ఎంతమంది లేరు అమ్మగారూ, దేవుడు తికమక పడకుండా రెండు పేర్లూ నంబరూ కూడా వెయ్యండి' అంది. పిచ్చితల్లి!"

ప్రేమమ్మ గోడౌనులో మిరపకాయల తొడిమలు తీస్తోంది. ఘాటుకి సంతోషకుమారి దగ్గుతూ బయటే నిలబడిపోయింది. ప్రేమమ్మ పరుగున వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ, "మా వాడు తప్పాడా అమ్మా? కాలేజీవాళ్లా మీరు?" అంది.

"లేదు పెద్దమ్మా, తప్పలేదు. సోమవారం కాలేజీలో చిన్న పని, అంతే," అంది సంతోషకుమారి. అబద్ధమాడడం ఆమెకి చేతకాదు. ప్రేమమ్మ ఆ మొహంలోకి చాలాసేపు చూసింది.

తిరుగు బస్సులో సంతోషకుమారి అంది: "సార్, రెండో చీటీ ఎక్కడ పెట్టిందో నాకు తెలుసు. షార్ట్‌హ్యాండు పరీక్షప్పుడు మా అమ్మ కూడా పెట్టింది. ఏ పుస్తకం చదువుతున్నామో దాని అట్ట లోపల పెడతారు. మనకి చెప్పరు. చెబితే ప్రార్థన ఫలించదని వాళ్ల నమ్మకం."

బాషా ఆమె వైపు తిరిగి, "శభాష్! ఇది నా బుర్రకి ఎన్నటికీ తట్టేది కాదు," అన్నాడు. మామూలు రోజయితే ఆ మాటకి ఆమె నెల రోజులు పొంగిపోయేది. ఇప్పుడు మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి.

"ఆ తల్లికి మాత్రం ఈ సంగతి చెప్పొద్దండీ."

"చెప్పను," అన్నాడు బాషా. "అసలు నేను ఆశ పెట్టుకున్నది ఒక్కదాని మీదే. పేరు లేని ఫిర్యాదుకి విలువ లేదు. రాసినవాణ్ణి నలుగురి ముందూ నిలబెడితే సిగ్గుపడి వెనక్కి తీసుకుంటాడు. అప్పుడు ఫైలు దానంతటదే మూతపడుతుంది."

సోమవారం పదకొండుకి ప్రిన్సిపాలు గదిలో అందరూ చేరారు. కిటికీ పక్కన చెంచయ్య, గోడకి ఆనుకుని సుభానీ, బల్లకి కుడివైపు కంపెనీ లా చెప్పే లెక్చరరు సంజీవరావు. బక్కపలచని మనిషి, ఇస్త్రీ చెడని తెల్ల చొక్కా. చెంచయ్యకి కాలేజీ మొత్తంలో గురువంటే ఆయనే.

"పది నిమిషాలిస్తున్నాను, బాషాగారూ," అన్నారు ప్రిన్సిపాలు.

"అయిదు చాలండి. ఈ చీటీ చర్చి నుంచి బయటికి రాలేదు. అక్కడిది అక్కడే ఉంది. ఇది లైబ్రరీ వారి కంపెనీ లా పుస్తకంలో, వెనక అట్ట దగ్గర ఉంది. ఎవరు పెట్టారన్నది నేను చెప్పను. ప్రార్థన చేసుకోవడం నేరం కాదు కాబట్టి. పుస్తకం వాపసొచ్చిన రోజే ఇంకొకరు తీసుకున్నారు. అటెండరు వెనక పేజీలో గడువు తేదీ ముద్ర కొట్టి, సిరా ఆరకుండానే పుస్తకం మూశాడు. ఆ తడి చీటీకి అంటింది. అందుకే మూలన తేదీ ఉల్టాగా పడింది. జూన్ ఏడు."

"అయితే?"

"విద్యార్థులకి గడువు రెండు వారాలు. జూన్ ఏడు గడువంటే మే ఇరవై నాలుగున తీసుకుని ఉండాలి. అప్పటికి లైబ్రరీ మూసేశారు, ఫిర్యాదూ మీ బల్ల మీదికి వచ్చేసింది. కాబట్టి తీసుకున్నది విద్యార్థి కాదు. నెల గడువున్నవారు, మే ఏడున. పొద్దున ఇష్యూ రిజిస్టరు చూశాను. ఆ రోజు ఆ పుస్తకం మీద ఒక్కటే సంతకం ఉంది."

సుభానీ నోరు తెరుచుకుని చూశాడు. చెంచయ్య మాత్రం, "కాదు, సారు కాదు," అని గొణిగాడు.

"నేనే," అన్నారు సంజీవరావు.



"నా పేరు సంజీవరావు. మా నాన్న పేరు అబ్రహాం. బడిలో వేసేటప్పుడు మేష్టారు రిజిస్టరులో తండ్రి పేరు మార్చి రాయమన్నారు. మా నాన్న ఒప్పుకోలేదు. పెద్దయ్యాక నేనూ ఒప్పుకోలేదు. రెండేళ్లు సీటు రాలేదు. పిడుగురాళ్లలో సున్నపు బట్టీ దగ్గర రాయి మోశాను. ఇప్పటికీ ఆకాశం మబ్బు పడితే వీపు నొప్పి. వీడు రెండు పేర్లు పెట్టుకుని హాయిగా ముందు బెంచీలో కూర్చున్నాడు. ఆ చీటీ చూడగానే నా ఒళ్లు మండిపోయింది."

"మీరే చెప్పారు కదా సార్," అన్నాడు చెంచయ్య. "పేరు మార్చుకున్నా కంపెనీ కంపెనీయేనని."

"కంపెనీకి చట్టం ఆ దయ చూపించిందిరా. మనకి చూపించలేదు."

"పేరు లేకుండా రాశారు. అంటే తప్పని మీకూ తెలుసు. వెనక్కి తీసుకోండి," అన్నాడు బాషా మెత్తగా.

సంజీవరావు తల అడ్డంగా ఊపారు. "పేరు దాచుకున్నందుకు సిగ్గుపడుతున్నాను. అది నిజం. పేరు దాచుకున్నాడనే కదా వీడి మీద రాశాను!" అని జేబులోంచి పెన్ను తీసి, ఫైలు తన వైపు లాక్కుని, ఫిర్యాదు అడుగున సంతకం చేశారు.

సంతోషకుమారి తన యజమాని వైపు చూసింది. ఆయన మొహం పాలిపోయింది. నిన్నటిదాకా చిత్తుకాగితంగా ఉన్నదాన్ని చెల్లే కాగితం చేసింది ఎవరో ఆయనకీ తెలిసింది, ఆమెకీ తెలిసింది. ఇంత తెలివీ ఎందుకు ఏడవనూ అనిపించింది.

ప్రిన్సిపాలు చెడ్డవాడు కాదు. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ అన్నారు: "చూడబ్బాయ్. హాల్ టికెట్ నంబర్లు నోటీసు బోర్డు మీద ఉంటాయి, ఎవరైనా రాసుకోవచ్చు. ఈ చీటీకీ నీకూ సంబంధం లేదని, నీకు చర్చితో పనిలేదని రాసివ్వు. ఇంతటితో వదిలేస్తాను."

చెంచయ్య కాగితం అందుకున్నాడు. అప్పుడే అటెండరు అడ్డుపడుతున్నా తోసుకుని ప్రేమమ్మ లోపలికొచ్చింది. గుమ్మం అవతల ఎంతసేపటి నుంచి ఉందో, అంతా విన్నట్టే ఉంది. కాళ్లనిండా దుమ్ము.

"అయ్యా, ఆ చీటీ నాదండి. తప్పు నాది," అంది చేతులు జోడించి. "మా పిల్లాడి కోసం రాయించుకున్నాను. ఈ బాబు కాదు. ఈ బాబెవరో నాకు తెలియదండి. మా వాడు వేరే. నంబరు తప్పు పడిపోయింది. ఈ బాబుని నేను ఎప్పుడూ చూడలేదు."

అంత దూరం వచ్చి అంత మాట అనడానికి ఆ తల్లి గుండె ఎంత రాయి చేసుకుందో! కొడుకు వైపు ఒక్కసారి కూడా చూడలేదు. మిరపఘాటుకి ఎర్రబడ్డ కళ్లతో ప్రిన్సిపాలు వైపే చూస్తోంది.

ప్రిన్సిపాలు మెల్లగా అడిగారు. "ఏం చెంచయ్యా, ఈవిడ నీకు తెలుసా?"

తెలియదను. తెలియదని చెప్పెయ్యరా నాయనా! సంతోషకుమారి లోలోపలే మొక్కుకుంది. సంజీవరావు కూడా తల దించుకుని అదే కోరుకుంటున్నట్టనిపించింది ఆమెకి. ఒక్క మాట. మూడేళ్ల చదువు, నల్లకోటు, ఆ పల్లెకి మొదటి లాయరు, అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి.

చెంచయ్య తల్లి పాదాల వైపు చూశాడు. చెప్పుల్లేవు.

"మా అమ్మండీ," అన్నాడు. "బస్సు దొరక్క నడిచొచ్చినట్టుంది. కుర్చీ వేయించండి."

సుభానీయే కుర్చీ తెచ్చి వేశాడు. ప్రిన్సిపాలు ఫైలు దగ్గరికి లాక్కుని రద్దు ఉత్తర్వు రాయడం మొదలుపెట్టారు. ప్రేమమ్మ కూర్చోలేదు. కొడుకు భుజాల మీద రెండు చేతులతో కొడుతూ, "కాదని చెప్పాను కదరా! నేను చెప్పాను కదరా!" అంటూనే ఉంది.