తొందరపెట్టని గొంతు

"ఎండమ్మ వచ్చింది, ఏటొడ్డు దాటింది, చల్లకుండ దాచిపెట్టు చెల్లెలా..."

అంతవరకు పాడి మంగతాయారు ఆగిపోయింది. తర్వాత ఏముందో గుర్తు రాలేదు. చల్లకుండ తర్వాత ఉట్టి వస్తుందో, ఉట్టి కింద పిల్లి వస్తుందో. చిన్నప్పుడు అక్క అలివేలు తనకు జడ వేస్తూ పాడే పాట అది. మాటలు అందక కాసేపు రాగం మాత్రం తీసి, సిగ్గుపడి, మైకు ముందు నుంచి వెనక్కి జరిగింది.

గాజు గోడకు అవతల డాక్టర్ గఫూర్ చెయ్యెత్తాడు. "చాలమ్మా, బాగుంది. కాగితం చూసి చదివిన మీ మాటలు మా దగ్గర బోలెడున్నాయి. కాగితం లేనప్పుడు మీ గొంతు ఎలా ఉంటుందో కూడా మిషన్‌కు తెలియాలి."

ఆ కాలానికి వానలకూ పంటలకూ ఉన్నట్టే ఎండకూ ఒక ప్రభుత్వ శాఖ వచ్చింది. బడులు ఎప్పుడు మూయాలో, రోడ్డు పనులు ఎప్పుడు ఆపాలో, జనం ఇళ్ళు వదిలి చలువ సత్రాలకు ఎప్పుడు పోవాలో చెప్పడం ఎండల శాఖ పని. చలువ సత్రమంటే మరేం కాదు, పెద్ద ఏసీ హాలు. చాపలుంటాయి, మంచినీళ్ళుంటాయి, ఒక నర్సు ఉంటుంది. మంగతాయారు ఆ శాఖలో సీనియర్ ప్రెస్ ఆఫీసర్. మంత్రులు మారారు, కార్యదర్శులు మారారు, టీవీలో వినిపించే ఆ గొంతు మాత్రం మారలేదు. ఎంత చెడ్డ కబురైనా ఆవిడ చెబుతుంటే ఇంట్లో పెద్దావిడ పక్కన కూర్చుని చెప్పినట్టుండేది.

గఫూర్ తయారుచేసిన మిషన్‌కు కాగితాల మీద పొడుగాటి ఇంగ్లీషు పేరుండేది. ఆఫీసులో అందరూ దాన్ని మాటపెట్టె అనేవారు. అది తాయారు రాసిన ప్రెస్ నోట్లన్నీ చదివింది, టీవీలో రేడియోలో మాట్లాడిందంతా విన్నది. ఎండ ముదిరిన రోజున లక్షల ఇళ్ళకు ఒకేసారి ఫోన్ చేసి, ఎవరి పేరు పెట్టి వాళ్ళను పిలిచి, సంగతి చెబుతుంది. ఎదురు ప్రశ్న వేస్తే, తాయారు అయితే ఏం చెప్పేదో అదే చెబుతుంది.

"మరి నేను తప్పు చెప్పేదాన్నయితే?" అని అడిగింది తాయారు.

"తప్పు కూడా అచ్చం మీలాగే చెబుతుందమ్మా," అని గఫూర్ నవ్వాడు. తాయారు కూడా నవ్వింది.

ప్రెస్ ఆఫీసుల్లో పనిచేసే వాళ్ళకు ఒక అలవాటుంటుంది. నోటు దేని గురించైనా కానివ్వండి, చివర్లో ఒక వాక్యం పడాల్సిందే: 'ప్రజలు ఆందోళన చెందవలసిన అవసరం లేదు.' తాయారు ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమె పై అధికారి ఆ వాక్యం లేని నోటును వెనక్కి పంపేవాడు. భయపడిన జనం రోడ్డు మీదకు వస్తారు, రోడ్డు మీదకు వచ్చిన జనం మంత్రిగారి ఇంటికి పోతారు అనేవాడు. తర్వాత తర్వాత ఎవరూ చెప్పకుండానే ఆమె వేళ్ళు ఆ వాక్యాన్ని టైపు చేసేసేవి. ఉత్తరం చివర సంతకం పెట్టినట్టు అదొక మర్యాద అయిపోయింది. అది అక్కడుందని ఆమెకే కనిపించేది కాదు.

మాటపెట్టెను పరీక్షించడానికి కొన్ని ఇళ్ళు కావలసివచ్చాయి. ఆఫీసు వాళ్ళు తమ తమ బంధువుల నంబర్లిచ్చారు. తాయారు అక్క నంబరిచ్చింది.

అలివేలు చీరాలలో ఒక మేడ మీద గదిలో ఉండేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. చీరలకు ఫాల్స్ కుట్టుకుంటూ బతుకుతోంది. ఆ అక్కాచెల్లెళ్ళ పేర్లకు ఒక ముచ్చటుంది. అలివేలు మంగతాయారు అని అమ్మవారి పేరు ఒక్కటే పెట్టాలనుకున్నాడు వాళ్ళ నాన్న. ఇద్దరు పుట్టేసరికి దాన్ని చెరి సగం పంచాడు. తల్లి పోయాక చెల్లెల్ని చదివించింది ఆ మొదటి సగమే. చెల్లెలు రాజధానిలో పెద్ద ఉద్యోగంలోకి వచ్చాక ఫోన్లు తగ్గాయి. సభలు, ప్రెస్ మీట్లు, వివరణలు, ఖండనలు. రేపు చేద్దాం అనుకుంటే నెల గడిచేది.

ఇక మాటపెట్టె రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. మోకాలి నొప్పి ఎలా ఉందని అడిగేది, కిటికీకి తడి గోనెపట్టా కట్టమని చెప్పేది. అది మిషన్ అని అలివేలుకు చెప్పాలనే తాయారు అనుకుంది. చెబుదామని ఒక ఆదివారం తనే ఫోన్ చేస్తే, అక్క ఎత్తడమే సంబరంగా ఎత్తింది. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఉన్న ప్రతివాళ్ళ దగ్గరా చెప్పుకుంటున్నానే అంది. మా తాయారుకు ఇప్పుడు తీరిక దొరికింది, రోజూ మాట్లాడుతుంది, దిగువ వాటా వాళ్ళు కుళ్ళుకుంటున్నారు అంది. అంత సంతోషం మీద ఆ మాట ఎలా వేస్తుంది? వచ్చే వారం చెబుదాంలే అని ఊరుకుంది. ఆమె ఊరుకోవడంలో కొంత హాయి కూడా ఉంది, అది ఆమెకు తెలుసు.

ఈలోగా దొంగలు పుట్టుకొచ్చారు. ఎండల శాఖ నుంచి మాట్లాడుతున్నాం, ప్రమాదం, వెంటనే ఇల్లు వదిలి బయటికి రండి అని ఫోన్లు చేసి, జనం అటు పోగానే ఇటు ఇళ్ళు దోచేవారు. గొంతులు కూడా మిషన్లతో అనుకరించేవారు. దానికి తాయారు ఒక ప్రకటన రాసింది. మా శాఖ గొంతు ఎన్నడూ మిమ్మల్ని తొందరపెట్టదు, కంగారుగా మాట్లాడేవాళ్ళు ఎవరైనా సరే, మీకు తెలిసిన గొంతే అయినా సరే, నమ్మకండి, ఫోన్ పెట్టేయండి అని. కార్యదర్శి మెచ్చుకున్నాడు. జనం కూడా గుర్తు పెట్టుకున్నారు.

ఆ ఏడు రోహిణి కార్తెలో కోస్తాకు తడి వేడి వచ్చింది. ఇది మామూలు ఎండ కాదు. కుండకు తడిగుడ్డ చుడితే నీళ్ళు చల్లబడతాయి కదా, ఒంటికి చెమట పట్టడమూ అలాంటిదే. గుడ్డ తడి ఆరుతుంటేనే కుండ చల్లబడేది. గాలి నిండా సముద్రపు తేమ ఉండి, వేడి కూడా మితిమీరితే, ఆ తడి ఆరదు. అప్పుడు కుండా చల్లబడదు, ఒళ్ళూ చల్లబడదు. నీడన కూర్చున్నా, ఫ్యాను కింద పడుకున్నా, కడవల కొద్దీ నీళ్ళు తాగినా లాభం లేదు. కొద్ది గంటల్లో మనిషి తనలో తనే ఉడికిపోతాడు. ఏసీ గదిలోకి పోవడం ఒక్కటే దారి.

ఉదయమే మాటపెట్టె కోస్తా అంతటా ఫోన్లు చేసింది. పది దాటాక గఫూర్ తాయారు గదిలోకి వచ్చి కూర్చోకుండా నిలబడ్డాడు.

"సత్రాలు సగం కూడా నిండలేదమ్మా."

"ఫోన్లు వెళ్ళలేదా?"

"అన్నీ వెళ్ళాయి. అందరూ విన్నారు. మీరే వినండి." అని ఒక ఫోన్ సంభాషణ వినిపించాడు.

తాయారు తన గొంతే విన్నది. వేడి ఎక్కువగా ఉంటుంది, సత్రానికి వెళ్ళడం మంచిది అని చెప్పింది ఆ గొంతు. ఇప్పుడే పోవాలా తల్లీ అని ఒక రైతు అడిగాడు. వీలు చూసుకుని నెమ్మదిగా వెళ్ళండి, ఆందోళన చెందవలసిన అవసరం లేదు అంది ఆ గొంతు, ఎంతో ఆప్యాయంగా.

"ఇలా ఎందుకు చెప్పింది?" అంది తాయారు. ఆమెకు జవాబు తెలుసు.

మిషన్ ఆపేశారు. కొత్త మాటలు రికార్డు చేసి మళ్ళీ అందరికీ పంపే పని మొదలైంది. తాయారు చీరాల సత్రానికి ఫోన్ చేసి బతిమాలితే, అక్కడి వాళ్ళు అలివేలు వీధికి వ్యాను పంపుతామన్నారు. వ్యాను వచ్చి ఇంటి ముందు నిలబడింది. డ్రైవరు తాయారుకు ఫోన్ చేసి, ఎంత తలుపు కొట్టినా ఆ ముసలావిడ తియ్యడం లేదని, ఇంకా చాలా వీధులున్నాయి ఆగలేనని చెప్పాడు. రెండు నిమిషాలు ఆగు బాబూ అని తాయారు అక్కకు ఫోన్ చేసింది.

"అక్కా, నేను తాయారుని. కింద వ్యానుంది, వెంటనే దిగిరా."

అలివేలు గొంతు అప్పటికే బరువుగా, మగతగా ఉంది. "పొద్దున్నే కదా మా తాయారు ఫోన్ చేసి వీలు చూసుకుని వెళ్ళమంది. ఇంకొక్క చీరకు ఫాల్ కుట్టడం మిగిలింది."

"అది నేను కాదక్కా. అది మిషన్. ఇన్నాళ్ళూ రోజూ మాట్లాడింది మిషనే. ఇది నేను. నీ కాళ్ళు పట్టుకుంటాను, తలుపు తియ్యి." చెబుతుంటే తాయారు గొంతు చీలిపోయింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆమె ఎన్నడూ అరవలేదు. ఆ రోజు అరిచింది. తల్లి పేరు చెప్పింది, చిన్నప్పుడు ఇద్దరూ ఒకే పరికిణీ మార్చి మార్చి కట్టుకున్న సంగతి చెప్పింది. ఆ సంగతులన్నీ రోజూ ఫోన్ చేసే మా తాయారుకూ తెలుసు అంది అలివేలు. పరీక్షల కోసం తాయారే అవన్నీ మిషన్‌కు చెప్పి ఉంది.

కింద వ్యాను కదిలిన చప్పుడు ఫోన్లో వినబడింది. సాయంత్రం జనం తలుపు పగలగొట్టినప్పుడు అలివేలు కుట్టు మిషన్ మీద తల వాల్చి ఉంది.

అంతకుముందు ఫోన్ పెట్టేసేటప్పుడు ఆమె కోప్పడలేదు. దొంగ అనుకున్న ఆ గొంతుతో కూడా మెత్తగానే మాట్లాడింది.

"ఎవరి బిడ్డవో గాని ఏడుస్తున్నావు. మా చెల్లెలు ఇలా అరవదమ్మా. ఈ పాడు పని మానుకుని, ఎండన పడకుండా ఇంటికి పో తల్లీ."