డెక్ మీద పీల్చిన ఊపిరి

కెనడాలోని టోబర్‌మొరీ ఊళ్ళో ఎవరి వ్యాపారమైనా మునిగితే పోతుంది. డంకన్ల వ్యాపారం మాత్రం మునిగితేనే నడుస్తుంది.

జార్జియన్ బే అనే అఖాతం అడుగున పడి ఉన్న పాత ఓడల్ని చూడ్డానికి వచ్చేవాళ్ళను బోటెక్కించుకుని తీసుకెళ్ళడం, నీళ్ళలో దింపడం, మళ్ళీ పైకి తెచ్చి వేడి కాఫీ పోసి పంపడం వాళ్ళ పని. నానమ్మ లోర్నా, తండ్రి గోర్డ్, తల్లి బెత్, కూతురు హేజెల్, కొడుకు నీల్. ఐదుగురూ డైవర్లే. నెత్తిన నీళ్ళు లేకపోతే వాళ్ళకి పూట గడవదు.

ఆ ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. అందరి నోట్లోనూ ఒకే రకం రెగ్యులేటర్ ఉండాలి. సిలిండర్లో బిగబట్టుకుని కూర్చున్న గాలిని మెత్తబరిచి, మనిషి పీల్చుకునేలా నోటికందించే పరికరం అది. నీళ్ళ కింద చలికి వేళ్ళు కొయ్యబారినప్పుడు పక్కవాళ్ళ దగ్గర అదనంగా ఉండే పసుపు గాలి గొట్టం ఎక్కడుందో వెతుక్కోకూడదు. చేతికి తెలిసి ఉండాలి. ఒకళ్ళ దాంట్లో మర ఊడితే ఇంకొకళ్ళ దాంట్లోది సరిపోవాలి. ఇంకో సుగుణం కూడా ఉంది. అది నోట్లో పెట్టుకున్నాక ఎవరూ మాట్లాడలేరు. అందుకని డంకన్ల ఇంటి గొడవలన్నీ నీళ్ళకి పైనే.

వాళ్ళు వాడుతున్న పాత రకానికి ఇక విడిభాగాలు రావని ఆ శీతాకాలం తేలిపోయింది. కొత్తవి ఎంచే పని గోర్డ్ కూతురికి అప్పజెప్పాడు.

"ఈ ఏడు నుంచి బోటు నేనే నడుపుతానంటున్నావుగా. ముందు ఇంటిల్లిపాదికీ ఊపిరి ఎంచు. సరిగ్గా ఎంచితే చుక్కాని నీది."

"ఎంచలేకపోతే?"

"ఇంకో ఏడు తాళ్ళు చుట్టు."

హేజెల్ చిన్నప్పటి నుంచీ తాళ్ళు చుడుతూనే ఉంది. ఆ మాటకి ఒళ్ళు మండి, అదే ఊపులో రేవు పక్కనున్న డైవింగ్ షాపుకి వెళ్ళింది. గాజు పలకల వెనక వెండిలా మెరుస్తున్న కొత్త మోడల్‌ని చూపించి, "ఇవి ఐదు" అంది.

"ఇవ్వను" అన్నాడు కౌంటర్ వెనకున్న కుర్రాడు.

అతను ఆ శీతాకాలమే థండర్ బే నగరం నుంచి వచ్చాడు. పేరు రోమన్ కోవల్‌చుక్. పేరులో రోమన్ ఉంది గానీ మాటలో రొమాన్స్ లేదనుకుంది హేజెల్.

"షాపు పెట్టింది అమ్మడానికేగా?"

"అమ్ముతాను. ముందు ఇది చూడండి" అని కింద అరలోంచి నల్లటిది ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. బండగా, బరువుగా ఉంది. పెట్టగానే బల్ల మూలిగింది.

"ఇదేంటి, ట్రాక్టర్ నుంచి ఊడిందా?"

"ఈ తీరంలో సగం మంది నోట్లో ఉన్నది ఇదే. చన్నీళ్ళు లోపలికి చొరబడకుండా మూత ఉంటుంది. ఒవెన్ సౌండ్ ఊళ్ళో బాగుచేస్తారు, సడ్‌బరీలో చేస్తారు, నేనూ చేస్తాను. మీరు చూపించింది పాడైతే పార్సెల్ కట్టి పంపాలి. తిరిగొచ్చేసరికి మీ సీజన్ అయిపోయి బోటు ఒడ్డెక్కుతుంది."

"ఎక్కువమంది దగ్గరుంటే మంచిదైపోతుందా? జలుబు కూడా ఎక్కువమందికే ఉంటుంది."

రోమన్ నల్లటిదాన్ని ఆమె వైపు జరిపాడు. "జలుబుకి ఏ ఊళ్ళోనైనా మందు దొరుకుతుందండీ" అన్నాడు.

హేజెల్ తలుపు గట్టిగా వేసి వెళ్ళింది. ట్రక్కు ఎక్కి, రేవు మలుపు తిరిగాక, ఎవరూ చూడ్డం లేదని రూఢి చేసుకుని నవ్వింది.

ఆ తర్వాత ఆమెకి ఆ షాపులో తరచుగా పని పడసాగింది. ఏప్రిల్ వాన కుండపోతగా కురుస్తున్న రోజున కూడా, గొడుగు ఉన్నా తడుస్తూ వచ్చింది.

"ఇవాళేం కావాలి?" అన్నాడు రోమన్.

జవాబు ఇంటి దగ్గరే మర్చిపోయి వచ్చిన హేజెల్ చుట్టూ చూసింది. "రబ్బరు ఉంగరం. సిలిండర్ మూతికి వేసేది."

"మొన్న తీసుకెళ్ళింది?"

"పోయింది."

"అటు మొన్నది?"

"మీరు ఉంగరాలు అమ్ముతారా, పోలీసు ఉద్యోగం చేస్తున్నారా?"

అతను చిన్న నల్లటి ఉంగరం తీసి ఆమె తడి అరచేతిలో పెట్టాడు. ఆ ఊళ్ళో ఒక అబ్బాయి ఒక అమ్మాయికి ఉంగరం ఇచ్చి, దానికి బిల్లు కూడా రాయడం అదే మొదలు.

"ఆ మెరిసేదాని మీదే ఉందా మనసు?" అన్నాడు బిల్లు చింపి ఇస్తూ.

"దేని మీద?"

"రెగ్యులేటర్ అండీ."

"ఆ. ఉంది. దాని మీదే" అని హేజెల్ వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు కౌంటర్ మీదే ఉండిపోయింది. వానకి గొడుగు అక్కర్లేని స్థితి అది.

సంగతి తేలాలంటే మునగాల్సిందేనని గోర్డ్ తీర్మానించాడు. మెరిసేదొకటి, నల్లటిదొకటి బోటు మీదకి తెప్పించాడు. "అమ్మేవాడూ నీళ్ళలోకి దిగాలి" అన్నాడు. మే మొదటి ఆదివారం ఉదయం రోమన్ రెండు పెట్టెలు, ఒక గొడుగు పట్టుకుని బోటెక్కాడు.

బేలో మంచు కరిగి ఎంతో కాలం కాలేదు. గాలి చెవులు కోస్తోంది. ఇలాంటి రోజున డంకన్లు డెక్ మీద ఉండగా రెగ్యులేటర్ నోట్లో పెట్టుకోరు. అటువంటి గాలిలో దాన్ని పీలిస్తే మన ఊపిరిలోని తడి లోపల పేరుకుని, చన్నీళ్ళు తగలగానే గడ్డకడుతుంది. లోపలి వాల్వు తెరుచుకున్నది తెరుచుకున్నట్టే బిగుసుకుపోయి, సిలిండర్లో గాలంతా ఆగకుండా బయటికి తన్నుకొస్తుంది. నీళ్ళలోకి దిగాకే మొదటి ఊపిరి. హేజెల్‌కి అక్షరాల కంటే ముందు వచ్చిన పాఠం అది.

ఆమె మెరిసేది తగిలించుకుంది. రోమన్ నల్లటిది తగిలించుకుని ఆమె పట్టీలు సరిచూస్తున్నాడు. నెత్తి నుంచి మెడ దాకా బిగుసుకుపోయే డైవింగ్ రబ్బరు టోపీలో ఎవరైనా ఉడకేసిన గుడ్డులా కనిపిస్తారు.

"ఈ టోపీలో అందరూ ఒకేలా ఉంటారు" అన్నాడు అతను మెల్లిగా. "మిమ్మల్ని మాత్రం ఎక్కడైనా గుర్తుపడతాను."

హేజెల్‌కి మాట రాలేదు. రానప్పుడు నోరు ఊరికే తెరిచి ఉంచడం బాగోదు. చేతికి అందిందేదో నోట్లో పెట్టేసుకుంది. చేతికి అందింది రెగ్యులేటర్. గుండె దడ తగ్గేదాకా దీర్ఘంగా ఊపిరి పీల్చి వదిలింది.

వెనక కూర్చున్న లోర్నా నానమ్మ, "ఏయ్, పిల్లా" అనేలోపు ఇద్దరూ నీళ్ళలో దూకేశారు.

తాడు పట్టుకుని కొంచెం కిందికి దిగారో లేదో, హేజెల్ నోటి దగ్గర గాలి భళ్ళున విరుచుకుపడింది. బుడగలు తప్ప ఏమీ కనిపించడం లేదు. ఏం చేశానో ఆ క్షణంలోనే తెలిసింది ఆమెకి. చేత్తో సైగ చేసేసరికి రోమన్ పసుపు గొట్టం అప్పటికే ముఖం ముందు ఉంది. అది నోట్లో పెట్టుకుంది. రోమన్ ఆమె సిలిండర్ మూసేసి, ఆమె పట్టీ గట్టిగా పట్టుకున్నాడు. ఇద్దరూ ఒకే సిలిండర్ గాలి పీలుస్తూ నెమ్మదిగా పైకి వచ్చారు. ప్రేమికులు కళ్ళలో కళ్ళు పెట్టి చూసుకున్నారని కథల్లో ఊరికే రాస్తుంటారు. ఇక్కడ అది నియమం. గాలి పంచుకునేటప్పుడు చూపు తిప్పకూడదు.

డెక్ మీదకి చేరగానే గోర్డ్ మెరిసేదాన్ని విప్పి పెట్టెలో పడేశాడు. "తేలిపోయింది. ఇది మన ఇంటికి వద్దు."

హేజెల్ ఊరుకుంటే చాలు. తప్పు ఇనుము మీదకి పోతుంది, చుక్కాని చేతికొస్తుంది. రోమన్‌కైతే తను చెప్పిన సరుకే నెగ్గినట్టు.

"అది రెగ్యులేటర్ తప్పని చెప్పలేం, మిస్టర్ డంకన్" అన్నాడు రోమన్.

"మరి ఎవరి తప్పు?"

రోమన్ నీళ్ళ వైపు చూడసాగాడు. అతను చెప్పడని హేజెల్‌కి అర్థమైంది.

"నాది, నాన్నా" అంది. "డెక్ మీద పీల్చాను."

తాడు చుడుతున్న గోర్డ్ చేతులు ఆగిపోయాయి. "నువ్వా? నీల్ గాడంటే నమ్ముతాను."

"నన్నెందుకు లాగుతారు?" అన్నాడు నీల్, నోటి నిండా తియ్యటి బటర్ టార్ట్ ముక్కతో.

"ఎందుకు పీల్చావ్?" అన్నాడు గోర్డ్.

హేజెల్ టోపీ లాగి పడేసింది. జుట్టు నలుదిక్కులా లేచింది. "ఇతను చూస్తున్నాడు. అందుకు."

బెత్ ఫ్లాస్కు మూత తిప్పడం మొదలుపెట్టి, తిప్పుతూనే ఉంది.

"నాకూ గడ్డకట్టింది ఒకసారి" అంది నానమ్మ తీరిగ్గా. "అప్పుడు మీ తాతయ్య ఆ మూల నిలబడి లంగరు కడుక్కుంటున్నాడు."

గోర్డ్ రోమన్ వైపు తిరిగాడు. "నువ్వేమంటావయ్యా?"

"ఏప్రిల్ అంతా ఈవిడకి రబ్బరు ఉంగరాలు అమ్మాను, మిస్టర్ డంకన్. అవి అక్కర్లేదని ఈవిడకి తెలుసు. నాకూ తెలుసు."

"తెలిసి బిల్లు వేశావా?" అంది హేజెల్.

"వేయకపోతే మళ్ళీ రావేమోనని భయం" అన్నాడు రోమన్. 'మీరు' అనే మాట నీళ్ళలోనే ఎక్కడో మునిగిపోయింది. దాన్ని వెతకడానికి ఎవరూ దిగలేదు.

మరుసటి ఆదివారం హేజెల్ మళ్ళీ పరీక్ష పెట్టింది. ఈసారి రేవులోనే, నిచ్చెన పట్టుకుని, తల మాత్రం ముంచి. రెంటినీ డెక్ మీద కావాలనే పీల్చింది. మెరిసేదాంట్లోంచి గాలి మళ్ళీ వరదలా తన్నుకొచ్చింది. నల్లటిది దగ్గింది, గునిసింది, తర్వాత తనంతట తానే సర్దుకుంది. పద్ధతిగా దిగితే రెండూ బాగానే పనిచేశాయి.

"మెరిసేది చెడ్డది కాదు" అని ఇంట్లో అందరి ముందూ చెప్పింది. "తప్పు చెయ్యనివాళ్ళకి అది చాలు. నేను చేశాను. రేపు నీల్ చేస్తాడు."

"మళ్ళీ నేనేనా" అన్నాడు నీల్.

"మన బోటెక్కే వాళ్ళ దగ్గర కూడా ఈ నల్లటిదే ఉంటుంది. మర ఊడితే పక్కవాళ్ళని అడగొచ్చు. మనకి ఇదే."

గోర్డ్ కాఫీ తాగి, లేచి, బోటు తాళంచెవి ఆమె కప్పు పక్కన పెట్టాడు. "పీల్చానని చెప్పావు. చెప్పకపోతే ఇచ్చేవాణ్ణి కాదు" అని టోపీ పెట్టుకున్నాడు. "పద షాపుకి."

రోమన్ కౌంటర్ వెనక నిటారుగా నిలబడ్డాడు.

"నల్లటివి ఆరు" అన్నాడు గోర్డ్.

"ఆరా? ఇంట్లో ఐదుగురేగా, మిస్టర్ డంకన్?"

"నీ సొంతది ఏ రకం?"

"పాతదండీ. ఎవరో వాడి అమ్మేసింది. ఏదో రకం."

"అదే మరి" అన్నాడు గోర్డ్, గోడ మీది చేపల పటాన్ని శ్రద్ధగా చదువుతూ. "మా ఇంట్లో అందరికీ ఒకటే రకం ఉండాలి. ఏదో రకం కుదరదు."

రోమన్ నోరు తెరిచాడు. మాట రాలేదు. చేయి దానంతటదే బల్ల మీదకి పోయి, అక్కడున్న నల్లటి రెగ్యులేటర్ తీసి నోట్లో పెట్టింది.

హేజెల్ కౌంటర్ మీదకి వంగి అతని ముఖంలోకి చూసింది. ఈసారి నియమమేమీ లేకపోయినా చూపు తిప్పలేదు.

"ఇక్కడైతే పీల్చొచ్చు" అంది. "గడ్డకట్టదు."