ఎర్ర గీత

సైంటిస్ట్‌ను ఆయన కారులోనే కాల్చి చంపారు. ఆ సాయంత్రమే చీఫ్ నుంచి పాదరసానికి పిలుపొచ్చింది. ఎవరి గుప్పిట్లోనూ నిలవడని గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో అతనికా పేరు.

"విదేశీ ముఠా కొత్త వైరస్ తయారుచేసింది. ఇంకా ఎక్కడా వదల్లేదు," అన్నాడు చీఫ్. "సైంటిస్ట్ ల్యాబ్‌లోనే వాళ్ళ మనిషి ఉన్నాడు. పట్టుకో."

"మన ఏజెంట్ నెమలి అక్కడే ఉంది కదా సార్?"

"నెల్లాళ్ళుగా కబురు లేదు. వాళ్ళ వైపు తిరిగిపోయిందేమో." చీఫ్ చిన్న ప్యాకెట్ ముందుకు తోశాడు. "చనిపోయే ముందు సైంటిస్ట్ పంపిన రక్తపరీక్ష స్ట్రిప్‌లు. వీటి మీద ఆ వైరస్ యాంటిజెన్ పూశాడు. అంటే దాని ఒంటిమీది గుర్తు. శరీరం ఆ గుర్తును చూశాకే దాన్ని ఎదిరించే యాంటీబాడీలు తయారుచేస్తుంది. అవి ఉన్న రక్తం చుక్క పడితే ఎర్ర గీత వస్తుంది."

"బయటికే రాని వైరస్‌కి యాంటీబాడీలు ఎవరికుంటాయి?"

"ముందే టీకా వేయించుకున్నవాళ్ళకి."

మర్నాడు పాదరసం ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌లో దిగాడు. పిస్టల్ లేదు, గేటు దగ్గర సోదా గట్టిది. లోపలి గదిలో ఇద్దరే ఉన్నారు. ఒకరు తల నెరిసిన డైరెక్టర్. రెండోది తెల్లకోటులో, హైహీల్స్‌తో నెమలి. ఆమె అతన్ని ఎరగనట్టే చూసింది.

అతను గోడమీది గాలిగొట్టం మూత ఊడదీశాడు. లోపల స్టీలు సిలిండర్, దానికి టైమర్. అంకెలు తగ్గుతున్నాయి. అదే క్షణంలో వెనక తలుపు ధడేలున మూసుకుంది. కిటికీ లేదు. ఫోనుకు సిగ్నల్ లేదు. అడకత్తెరలో పోకచెక్కలా ఇరుక్కుపోయాడు.

"బయట తాళం పడింది," అన్నాడు డైరెక్టర్, వాన వస్తోందన్నంత తాపీగా.

ఆ తాపీతనం పాదరసానికి నచ్చలేదు. స్ట్రిప్‌లు తీశాడు. "ఇద్దరూ వేళ్ళు చాపండి."

నెమలి వెంటనే చాపింది. డైరెక్టర్ వెనక్కి తగ్గితే అతని చెయ్యి మెలిపెట్టి సూది గుచ్చాడు. గీత తేలడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ టైమర్ చప్పుడు అతని గుండెలోనే వినిపించింది.

నెమలి స్ట్రిప్ మీద ఎర్ర గీత. డైరెక్టర్ స్ట్రిప్ మీదా ఎర్ర గీత.

డైరెక్టర్ నవ్వాడు. "మెకానిక్ గారూ, మా ఒళ్ళు ఈ శత్రువును గుర్తుపెట్టుకుంది. మళ్ళీ కనిపిస్తే వెంటనే విరుచుకుపడుతుంది. నీ ఒళ్ళు మొదటిసారి చూస్తుంది. ఆయుధాలు తయారయ్యేసరికి వారం దాటుతుంది. అంతదాకా నువ్వుండవు. నిన్ను మోసుకెళ్ళినవాళ్ళు జబ్బును ఊరంతా పంచుతారు." నెమలి వైపు తిరిగాడు. "కూర్చోమ్మా. మనకేం కాదు."

తలుపు మూసుకుంది, తోడుంటుందనుకున్న మనిషీ శత్రువే. ఇంత ఒంటరితనం పాదరసం ఏ జైల్లోనూ ఎరగడు.

నెమలి కూర్చోలేదు. చెప్పులు విడిచి స్టూలెక్కి, రెండు చేతులతో సిలిండర్ పట్టుకుంది.

"ముట్టుకోకు, పగులుతుంది!" అరిచాడు పాదరసం.

"పగిలితే పోయేది నువ్వే. అందుకే నువ్వు ముట్టుకోకు. వాళ్ళలో చేరాలంటే వాళ్ళ టీకా తప్పలేదు. కబురు పంపే దారి దొరకలేదు."

డైరెక్టర్ ఆమె కాళ్ళు పట్టి కిందికి లాగబోయాడు. పాదరసం అతని మెడ మీద ఒక్క దెబ్బ వేశాడు, డైరెక్టర్ కుప్పకూలాడు. నెమలి సిలిండర్‌ను ల్యాబ్ సామాను మీది క్రిములను ఆవిరితో చంపే స్టెరిలైజర్‌లోకి తోసి మూత బిగించింది. లోపల సిలిండర్ తెరుచుకుని బుస్సుమంది. ఆమె స్విచ్ నొక్కింది. ఆవిరి గర్జించింది.

ఇద్దరూ నేలమీద కూలబడ్డారు. చాలాసేపటికి, పాదరసం తిరిగి రాలేదని వచ్చిన చీఫ్ మనుషులు తలుపు కోస్తున్న రంపం మోత వినబడింది.

"వాళ్ళ టీకా దొరికింది," అన్నాడు చీఫ్, లోపలికి వస్తూనే. "ఇకమీదట ముందుజాగ్రత్త. మొదటి డోసు నీకే, పాదరసం."

"దానికి జ్వరమొస్తుందా?" అని నెమలిని అడిగాడతను.

"రెండ్రోజులు కదల్లేవు."

"అంతకంటే సార్, నన్ను మళ్ళీ ఈ గదిలోనే పెట్టి తాళం వేయండి," అన్నాడు పాదరసం.