ప్రసంగాల కింద మాట

"మా నాన్న పాస్టరు. ఇలాంటి పిచ్చిరాతలు రాయలేదు," అంది ఆలిస్, కలగాపులగంగా ఇంగ్లిష్ అక్షరాలు నిండిన కంప్యూటర్ తెర చూపిస్తూ.

చిలకలగూడలో పెళ్లికార్డులు టైపు చేసే ఆశీష్ నవ్వు ఆపుకున్నాడు.

"తెలుగే రాసిన్రు మేడం. పాత ఫాంట్. అప్పట్లో లోపల ఇంగ్లిష్ అక్షరాలే ఉండేవి, పైన తెలుగు బొమ్మలు తొడిగేవాళ్లు. ఆ ఫాంట్ లేకపోతే గిట్లనే కనిపిస్తది."

"మళ్లీ తెలుగవుతుందా?"

"అయితది. జెర టైం పడ్తది."

ఆలిస్ నాన్న జకర్యా పాస్టర్‌గారు పోయి పది నెలలు. ఏడాది జ్ఞాపకార్థ కూడికకి ఆయన ప్రసంగాలు పుస్తకంగా తేవాలని ఆలిస్ కోరిక.

పాత రాతను మార్చే చిన్న ప్రోగ్రాం ఆశీష్ రాసుకున్నాడు. ప్రతి శనివారం తను పాఠాలు చెప్పే బడి వదలగానే ఆమె పద్మారావు నగర్ నుంచి వచ్చేది. ఆమె చదివేది, అతను తప్పులు దిద్దేవాడు.

"చర్చికి వెళ్తారా?" అని ఒకసారి అడిగింది.

"పోతా. ప్రసంగం షురూ అయితే నిద్రొస్తది."

"ఇది ప్రసంగమే. మెలకువగానే ఉన్నారే."

అతను తెరలోకి తల దించుకున్నాడు. వాన పడిన శనివారం కూడా ఆమె గొడుగు దులుపుకుంటూ వచ్చింది. మిగతా ఆరు రోజులు అతనికి ఊరికే పొడుగ్గా ఉండేవి.

పుస్తకం పూర్తయిన రోజు ఆలిస్ ప్రతి ప్రసంగం చివర చూసింది. ముఖం చిన్నబోయింది.

"ఏమైంది?"

"నేను హాస్టల్లో చదివేటప్పుడు నాకు తెలుగు చదవడం సరిగా వచ్చేది కాదు. ప్రతి ప్రసంగం కింద నాకోసం ఇంగ్లిష్‌లో ఒక మాట రాస్తున్నానని నాన్న అనేవారు. ఊరికే అన్నారేమో."

ఆమె వెళ్లిపోయింది. ఆశీష్ అసలు ఫైలు మళ్లీ తెరిచాడు.

తెలుగులోకి మార్చినప్పుడు ప్రతి ప్రసంగం కింద అర్థంకాని ఒక వరుస వచ్చింది. ఫైలు పాడైందనుకుని, ఆమె చదవకముందే తనే తీసేశాడు. అది ఇంగ్లిష్. ఏది ఏ భాషో ప్రోగ్రాంకి తెలియదు, ఆ ఇంగ్లిష్ మాటల్నీ తెలుగు అక్షరాలు చేసేసింది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ తండ్రి ఊరికే అన్నాడని ఆమె అనుకుంటూనే ఉంటుంది.

ఆదివారం ఆరాధన తర్వాత, అసలు ఫైలులోని వరుసలు ప్రింటు తీసుకుని వాళ్లింటికి వెళ్లాడు. తల్లి కాంతమణి తలుపు తీసింది. వెనకే వచ్చిన ఆలిస్‌కి కాగితాలిచ్చాడు.

"మీ నాన్నగారు రాసిన్రు. చెత్త అనుకుని నేనే తీసేసిన. చెప్తే మీరు మళ్ల రారేమోనని భయపడ్డ."

ఆమె కాగితాలు ఒక్కొక్కటీ తిప్పింది.

"చదివారా?"

"ఒక్కటే. మీవని తెలిసి ఆపేసిన."

"ఏం రాశారు బాబూ?" అంది కాంతమణి. "నాకు ఇంగ్లిష్ రాదు."

ఆలిస్ చదవబోయి మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. మొదటి కాగితం ఆశీష్ చేతిలో పెట్టి, పక్కన కుర్చీ జరిపింది.

అతను మెల్లగా తెలుగులో చెప్పాడు. "ఆలిస్, ఈవేళ ప్రసంగం చాలా పొడుగైంది. మీ అమ్మ మూడుసార్లు గడియారం చూసింది. నువ్వుంటే నాలుగోసారి చూడనిచ్చేదానివి కాదు."

కాంతమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ కొంగుతోనే కళ్లు ఒత్తుకుంది.

"ఇట్లాంటివి ఎన్ని ఉన్నాయి బాబూ?"

"యాభై రెండమ్మా."

అతను రెండో కాగితం అందుకోబోయాడు. ఆలిస్ దాని మీద చెయ్యి పెట్టింది.

"రోజుకొకటి చాలు," అంది.