మామూలు మాట

"నా కళ్ళు అర్జెంటుగా బాగుచెయ్యాలండీ!"

కళ్ళజోళ్ళ షాపు అబ్బాయి తలెత్తాడు. "కళ్ళ డాక్టరు పక్కవీధిలో ఉంటారండీ."

"కళ్ళంటే ఇవి!" రెండు ముక్కలైన కళ్ళజోడు ఆమె గాజుబల్ల మీద పెట్టింది. "కథల్లో ఇలా చెబితే రూపకం అంటారు."

"మా షాపులో స్క్రూ ఊడటం అంటారండీ."

ఆమెకు ఒళ్ళు మండింది. కానీ అతను బిగించిచ్చిన కళ్ళజోడు పెట్టుకుని అతన్ని స్పష్టంగా చూశాక మంట కాస్త తగ్గింది. అతనికైతే మతే పోయింది.

లైబ్రరీ మేడ మీద సాయంత్రాలు ఆమె కథలు రాయడం నేర్పుతుందని తెలిసి, మర్నాడే వెళ్ళి చేరిపోయాడు.

"ఫలానా దానిలాగా ఉందంటే ఉపమ. అదే ఇది అనేస్తే రూపకం. ఉన్నదాన్ని కొండంత చేసి చెబితే అతిశయోక్తి," అందామె. వ్యంగ్యం గురించి చెబుతున్నప్పుడు మాత్రం ఆమె నుదుటి మీద ముంగురులు ఎగురుతున్నాయి. అతనికి ఒక్క ముక్క చెవికెక్కలేదు.

ఓ వానపూట మెట్ల దగ్గర ఇద్దరే చిక్కుబడ్డారు.

"ఇన్నాళ్ళకీ ఒక్క పేజీ రాయలేదు. అసలెందుకొస్తున్నారు?" అంది, ఏదో వినాలన్న ఆశతో.

అతను వానకేసి చూశాడు. "ఊరికే... కాలక్షేపానికండీ."

"అలాగా! అయితే ఇక రాకండి. నా ప్రాణం హాయిగా ఉంటుంది!"

ఆమె వానలోనే విసవిసా వెళ్ళిపోయింది. అతను బుద్ధిగా క్లాసు మానేశాడు. అన్నం సహించక కంచం ముందు కూర్చుని ఉంటే, వాళ్ళమ్మ కూపీ లాగింది.

"హాయిగా ఉంటుందని ఎలా అంది? మొహం తిప్పుకునా?"

"అవును. ముక్కు కూడా ఎర్రబడింది."

"ఓరి నీ తెలివి తగలెయ్యా! అది వ్యంగ్యం రా! మీ నాన్నతో పెళ్ళైన దగ్గర్నుంచీ నేను మాట్లాడే భాష అదే. ఆయనకి ఇప్పటికీ అర్థం కాలేదు, నువ్వూ తయారయ్యావు!"

అతను చెయ్యి కడుక్కుని పరుగెత్తాడు.

మేడ మీద ఆమె పతాక సన్నివేశం గురించి చెబుతోంది. అతను గుమ్మంలో రొప్పుతూ నిలబడ్డాడు.

"కాలక్షేపమని అబద్ధం చెప్పానండీ. మీకోసమే వచ్చాను. మీరంటే నాకిష్టం."

సుద్దముక్క పుటుక్కున విరిగింది.

"ఇది... ఉపమా, రూపకమా?" అంది, గొంతు సవరించుకుని.

"ఏదీ కాదండీ. మామూలు మాట."

వెనక బెంచీ తాతగారు చెయ్యెత్తారు. "అమ్మా, పతాక సన్నివేశమంటే ఇదేనా?"

"క్లాసు అయిపోయింది! అందరూ వెళ్ళండి!"

ఒక్కరూ కదల్లేదు. "జవాబు వినకుండా ఎలా వెళ్తామమ్మా?" అన్నారు తాతగారు.

ఆమె గిరుక్కున అటు తిరిగి, నల్లబల్లతో చెప్పింది. "నాకూ ఇష్టమే."

"చెప్పింది బల్లకా అండీ, నాకా?"

"మీకేనండీ బాబూ!"

తాతగారు మొదలుపెట్టిన చప్పట్లకు, కింద చదువుకుంటున్నవాళ్ళు ఏం జరిగిందోనని మెట్లెక్కి వచ్చేశారు.