మెట్లదారిలో గొంతు

చీకటిపడ్డాక ఆ ఇంటి ముందు నుంచి ఒంటరిగా వెళ్ళొద్దని వెల్లింగ్టన్‌లో మనవాళ్ళు కొత్తగా వచ్చినవాళ్ళకి ఇప్పటికీ చెబుతారు. కొండ మీది బస్టాపు నుంచి కింది వీధికి దిగే మెట్లదారి పక్కన ఉంటుందది. ఒక వానాకాలం ఇంటి వెనక కొండచరియ విరిగిపడింది. మనుషులు ఉండకూడదని కౌన్సిల్‌వాళ్ళు తలుపుకి ఎర్ర కాగితం అంటించి పోయారు. అప్పట్నుంచీ అది ఖాళీ.

ఖాళీయే... కానీ లోపల ఎవరో మాట్లాడుతుంటారని చెప్పుకునేవారు. కుక్కలు కూడా ఆ గేటు దగ్గర మొరగవు — తోక ముడుచుకుని పక్కకి లాగుతాయి.

నిరుపమ ఇలాంటివి నమ్మే మనిషి కాదు. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఉద్యోగం. విడాకులయ్యాక కింది వీధిలో చిన్న ఫ్లాట్ తీసుకుని ఒక్కతే ఉంటోంది. రోజూ ఆ మెట్లు దిగే ఇంటికెళ్ళేది.

ఆ ఊళ్ళో ఆమెకి అండ అంటే సత్యనారాయణ, ఆయన భార్య కుసుమ. అన్నయ్యా, వదినా అని పిలిచేది. ఆయనకి ప్రభుత్వ శాఖలో కంప్యూటర్ల ఉద్యోగం. నిరుపమ నలుగురిలోకి రావడం మానేసి తలుపులేసుకుని కూర్చున్న రోజుల్లో, ఒకసారి భోజనానికి బలవంతంగా పిలిచి, ఆయనే జపాన్ మాట ఎత్తాడు.

"పెద్ద ఊళ్ళు మనకొద్దమ్మా. రైళ్ళ కోసం పరుగులొద్దు. పల్లెలు చూద్దాం. పొద్దున్నే వరిమళ్ళ గట్ల మీద నడవడం, పొద్దుగూకేసరికి ఏదో పాత చెక్క ఇంట్లో చాపల మీద నడుం వాల్చడం. చూరుకి వేలాడేసిన పండ్లు ఎండుతుంటాయిట... వాటిని చూస్తూ టీ తాగడం. అంతే పని!"

హామిల్టన్‌లో ఉండే వాళ్ళ స్నేహితుడు వంశీకృష్ణ కూడా వస్తానన్నాడు. ఇక వారం వారం అదే కబురు. అతను ఫోన్ తెర మీద, మిగతా ముగ్గురూ కుసుమ వంటింట్లో. ఏ కొండదారి, ఏ ఊళ్ళో మజిలీ, ఎక్కడ వేడినీళ్ళ గుంటలో కాళ్ళు పెట్టుకోవాలి... నిరుపమ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది.

టికెట్ల మాట వచ్చినప్పుడు మాత్రం సత్యనారాయణ "వచ్చేవారం చూద్దాంలే" అనేవాడు. చివరికి కుసుమ విసుక్కుంది. "రేపు శనివారం కూర్చుని కొనేస్తున్నాం. ఇంకో మాట లేదు."

ఆ శుక్రవారం సాయంత్రం నిరుపమ బస్సు దిగింది. జూలై నెల, ఆ దేశంలో నడిచలికాలం. ఇంకా భోజనాల వేళన్నా కాలేదు, కానీ చీకటి చిక్కగా కమ్మేసింది. సముద్రం మీంచి గాలి మనిషిని తోసేస్తోంది. కమ్మీ పట్టుకుని ఒక్కో మెట్టే దిగుతోంది.

సరిగ్గా ఆ గేటు దగ్గరకొచ్చేసరికి — గాలి ఆగిపోయింది.

లోపల ఎవరో మాట్లాడుతున్నారు.

అడుగు ఆగింది. రేడియో ఏమో... పక్కింటివాళ్ళేమో...

"...అలుపొస్తే ఆగుదాం. మనకేం తొందర..."

తెలుగు!

ఆ ఖాళీ ఇంట్లో, ఆ చీకట్లో, తెలుగు. పరిగెత్తుదామనుకుంది, కాళ్ళు కదల్లేదు. కాసేపు ఏమీ వినపడలేదు. హమ్మయ్య, అంతా నా భ్రమే అనుకుంటుండగా —

"నిరుపమా..."

ఆమె గేటు వైపు తిరిగింది.

"నిరుపమా, నేను రాలేనమ్మా... కాలు బెణికింది."

ఒక నిట్టూర్పు. మళ్ళీ మొదటి నుంచి, అదే గొంతు, అదే వరస —

"నిరుపమా, నేను రాలేనమ్మా... సెలవు దొరకలేదు."

అప్పుడు పోల్చుకుంది ఆ గొంతుని. ఫోన్ లైటు వేసి, గేటు తోసి, పగిలిన కిటికీ దగ్గరకెళ్ళింది.

బోర్లించిన పెయింటు డబ్బా మీద ఒక మనిషి. ఇస్త్రీ చొక్కా, కోటు. మెడలో ఆఫీసు కార్డు. వెలుగు పడగానే మొహానికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి అతుక్కుపోయాడు.

"సత్యం అన్నయ్యా!"

ఆయన మెల్లగా చెయ్యి దించాడు.

"శాఖలో మనుషుల్ని తగ్గించేశారమ్మా," అన్నాడు చివరికి, నేలకేసి చూస్తూ. "వేసవిలోనే పోయింది ఉద్యోగం. లైబ్రరీలో కూర్చుంటే తెలిసినవాళ్ళు కనపడుతున్నారు. ఇక్కడికైతే ఎవరూ రారు."

"వేరేది... ఎక్కడా దొరకలేదా?"

"అందరూ అవే ఉద్యోగాల కోసం తిరుగుతున్నాం. వీసా కూడా దాంతోనే ముడిపడింది. వచ్చే నెల వరకే."

"వదినకి తెలుసా?"

తల అడ్డంగా ఊపాడు.

"మరి జపాన్ ఎందుకన్నయ్యా... వారం వారం అన్ని కబుర్లు?"

"నువ్వు నవ్వుతున్నావు కదమ్మా. కుసుమా సంతోషంగా ఉంటోంది." మెడలోని కార్డుని వేళ్ళతో తిప్పాడు. "ఆ కాసేపూ నేనూ ఉద్యోగస్తుణ్ణే. రేపు ఏం చెప్పాలో తెలియట్లేదు. పాఠం అప్పజెప్పుకున్నట్టు చెప్పుకుంటున్నా... ఏదీ నమ్మేటట్టు లేదు."

లోపలున్నది దెయ్యమే అయ్యుంటే బాగుండేదనిపించింది నిరుపమకి.

"ఇంటికెళ్దాం పదండి," అంది.

ఆయన కోటు దుమ్ము దులుపుకుని బయటికొచ్చాడు. ఇద్దరూ గేటు దాటి మెట్లు దిగసాగారు. ఆమె ముందు, ఆయన వెనక. కింద ఇళ్ళల్లో దీపాలు వెలుగుతున్నాయి. ఎవరి వంటింట్లోంచో పోపు వాసన వస్తోంది.

"నిరుపమా, నేను రాలేనమ్మా..."

ఆమెకి దుఃఖం ముంచుకొచ్చింది. "ఇంక చాలన్నయ్యా, నాతో చెప్పేశారుగా," అంటూ వెనక్కి తిరిగింది.

సత్యనారాయణ కమ్మీ రెండు చేతులతో పట్టుకుని నిలబడిపోయాడు. పెదవులు బిగుసుకుపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం పైకి, ఆ కిటికీ వైపు...

పైనుంచి ఆయన గొంతే, మెల్లగా, ఆగకుండా వస్తోంది.

"నీకూ వినపడుతోందా?" అన్నాడు గుసగుసగా. "నాకొక్కడికే అనుకున్నానమ్మా..."