సోమవారం నాలుగు గంటల గడి

ఆ హాస్పిస్‌కి వందకి తొంభై రెండు మార్కులు వేసింది నేనే. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. తర్వాత మీరే కనిపెట్టినట్టు మొహం పెట్టకండి.

హాస్పిస్ అంటే తెలియనివాళ్ళు ఉంటారు. ఇక మందులతో లాభం లేదని డాక్టర్లు చేతులెత్తేసిన వాళ్ళని, చివరి రోజుల్లో నొప్పి తెలియకుండా చూసుకునే చోటు. చూసుకోవాల్సిన చోటు, అనాలి. ముప్ఫై ఏళ్ళు నర్సుగా చాకిరీ చేసి రిటైరయ్యాక, ఇలాంటి చోట్లకి వెళ్ళి మార్కులు వేసే తనిఖీ బృందంలో నన్ను వేసుకున్నారు. అందరూ నన్ను చూసి హడలిపోయేవాళ్ళు. దుప్పటి కింద చెయ్యిపెట్టి తడి ఉందో లేదో చూసే రకం నేను.

ఆ ఒక్కరోజు మాత్రం చూడలేదు.

రెండేళ్ళ కిందటి మాట. ఒకే రోజు మూడు చోట్లు తిరగాల్సి వచ్చింది. ఇది మూడోది. రోగుల గదులు మూడో అంతస్తులో, లిఫ్టు పనిచెయ్యడం లేదు, నా మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తున్నాయి. మేనేజరు చల్లటి గదిలో కూచోబెట్టి, కాఫీ, బిస్కట్లు తెప్పించి, రిజిస్టర్లన్నీ కిందకే పట్టుకొచ్చాడు. రాత కడిగిన ముత్యంలా ఉంది. ఫారంలో చివర ఒక ప్రశ్న ఉంటుంది: రోగితో స్వయంగా మాట్లాడారా, ఏమన్నారు అని. ఎవరిదైనా ఒక మంచం నంబరు చెప్పమన్నాను. ఏడు వేసుకోండి మేడం అన్నాడు. వేసుకున్నాను. "స్త్రీ. తృప్తిగా ఉన్నారు. వేళకి పక్క మారుస్తున్నారని చెప్పారు." ఇంత రాసి, సంతకం పెట్టి, మేనేజరు చెప్పిన ఏదో జోకుకి పగలబడి నవ్వి ఇంటికొచ్చాను.

ఆ జోకేమిటో ఇప్పుడు ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.

ఇక మా అన్నయ్య సంగతి. వాచీలు బాగుచేసేవాడు. వెన్నెముకలో కాన్సరు అని తేలేసరికే కాళ్ళు రెండూ పడిపోయాయి. కదల్లేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే ఒత్తుకున్నచోట చర్మం చితికి పడకపుండ్లు పడతాయి. రెండు నెలలు వదిన ఒక్కతే తిప్పింది. తిప్పీ తిప్పీ ఆవిడ నడుం పట్టేసింది. ఇక నావల్ల కాదు అమ్మాయ్, ఎక్కడైనా చేర్పిద్దాం, నువ్వు చూసి సరే అంటే చాలు అంది. ఊళ్ళో మంచం ఖాళీగా ఉన్నది అక్కడొక్కచోటే. సాయంత్రం ఆరింటికి అంబులెన్సు మాట్లాడేసింది. ఆ లోపల నేను వెళ్ళి చూసి, ఊ అనో ఊహూ అనో ఫోన్లో చెప్పాలి.

సోమవారం మధ్యాహ్నం వెళ్ళాను. ముసురు పట్టి, మూడున్నరకే చీకటి పడ్డట్టుంది. మేనేజరు ఎదురొచ్చాడు. రెండేళ్ళలో పొట్ట పెరిగింది, నవ్వు మాత్రం అదే. వెనక గోడ మీద పెద్ద ఫ్రేములో నేనిచ్చిన నివేదిక. తొంభై రెండు, కింద నా సంతకం. మీ దయవల్ల పేరొచ్చింది మేడం, అన్నయ్యగారికి కిటికీ పక్క గది ఉంచాను, ఏడో నంబరు అన్నాడు.

ఏడు అనగానే ఫ్రేములో నా సంతకం కేసి మళ్ళీ చూశాను. గది చూడాలన్నాను. పైన ఏముంది మేడం, రిజిస్టర్లు ఇక్కడికే తెప్పిస్తాను అన్నాడు. నేను అప్పటికే లిఫ్టు దగ్గరున్నాను. మీట నొక్కానో లేదో కరెంటు పోయింది.

పోతేపోనీ అనుకుని మెట్లెక్కాను.

మూడో అంతస్తు పొడుగాటి వరండా. రెండు వైపులా తలుపులు, అన్నీ ఓరగా వేసున్నాయి. ఫినాయిలు, పౌడరు, ఉడికించిన గుడ్డల వాసన. వాటి అడుగున ఇంకొకటి. పౌడరు ఎంత చల్లినా దాగని వాసన అది. నర్సుగా చేసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, మిగతావాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మధ్యలో ఆయా కుర్చీ ఉంది, ఆయా లేదు. ఏదో గదిలో ఎవరో దగ్గుతున్నారు. కిటికీ అద్దాల మీద వాన చిన్నగా గోకుతోంది.

ప్రతి తలుపు పైనా ఒక చిన్న బల్బు ఉంటుంది. లోపల రోగి బెల్లు నొక్కితే అది వెలుగుతుంది. ఏడో నంబరు తలుపు మీద బల్బు వెలుగుతోంది.

కరెంటు లేదు కదా అన్న ఆలోచన అప్పుడు నాకు రాలేదు. నిజం చెబుతున్నా, రాలేదు. ముప్ఫై ఏళ్ళ అలవాటు అది. బల్బు వెలిగితే కాళ్ళు వాటంతటవే నడుస్తాయి.

లోపల ఒకావిడ వెల్లకిలా, మొహం మాత్రం గోడవైపు తిప్పుకుని పడుకుని ఉంది. దుప్పటి కింద మనిషి ఉందా అన్నంత సన్నంగా. ఖాళీ గది అన్నాడు కదా వెధవ, ఈవిణ్ణి ఎక్కడికి నెడతాడు అని ఒళ్ళు మండింది.

"కాస్త పక్కకి తిప్పవమ్మా" అంది. గొంతు కాదు, గాలి.

మంచం కాళ్ళ దగ్గర అట్టకి తగిలించిన చార్టు ఉంది. రోజుకో వరస, రెండు గంటలకో గడి. తిప్పినవాళ్ళు ఆ గడిలో ఎడమో కుడో రాసి సంతకం చెయ్యాలి. మసక వెలుతురులో కళ్ళకి దగ్గరగా పెట్టుకుని సోమవారం వరస చూశాను. ఆరు, ఎనిమిది, పది గంటల గడుల్లో కూడా సంతకాలున్నాయి. నా వాచీలో నాలుగు. రాత్రి పదింటికి తిప్పబోయేదానికి ఇప్పుడే సంతకం! ఈ పని నాకు కొత్త కాదు. పొద్దున్నే టీ తాగుతూ రోజంతటికీ గీకి పారేసే ఆయాలని ఎందరినో ఏడిపించాను. చిత్రం ఏమిటంటే, వరస మొత్తం మీద ఖాళీగా ఉన్నది ఒక్క నాలుగు గంటల గడే.

తిట్టుకుంటూ చార్టు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఆవిడ మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి, తుంటి మీద ఒక చెయ్యి వేశాను.

బరువే లేదు. ఒళ్ళు మాత్రం... ఆస్పత్రి ఫ్రిజ్‌లోంచి తీసిన సెలైన్ సీసాలా ఉంది. వీపుకి దుప్పటి అంటుకుపోయింది. మెల్లగా విడదీశాను. చూశాను. ఎన్నో చూసినదాన్ని, కళ్ళు మూసుకున్నాను. అది వారం రోజుల పుండు కాదు. నెలల తరబడి ఒక్క చెయ్యి పడని వీపు. తెల్లగా ఎముక కనబడుతోంది.

వీపు వెనక దిండు పెట్టాను. చార్టు తీసుకుని, నాలుగు గంటల గడిలో "కుడి" అని రాసి సంతకం పెట్టాను. చేసిన పనికి సంతకం పెట్టడం, అంతే. చెయ్యి ఊరుకోదు.

"హాయిగా ఉందమ్మా" అంది ఆవిడ. కాసేపాగి, "తృప్తిగా ఉన్నానని రాశావటగా?"

నా చేతిలో పెన్ను ఆగిపోయింది.

"ఎవరు చెప్పారు?"

"ఆయా. నువ్వు వెళ్ళిన రాత్రే కాగితం తెచ్చి చదివి వినిపించింది. నవ్వుకున్నాం."

వాన ఆగిపోయింది. దగ్గు కూడా ఆగిపోయింది. ఏ శబ్దమూ లేదు...

"మాట్లాడేదాన్నే నేను" అంది. "ఎవరైనా పైకొస్తే."

వెనక్కి ఒక అడుగు వేశాను. తలుపు ఎంత దూరంలో ఉందో చూడాలన్నా మెడ తిరగలేదు.

"బెల్లు నొక్కాను. వేలు నొప్పెట్టేదాకా నొక్కాను. కింద నీ నవ్వు వినిపించింది... ఎవరో మంచావిడ వచ్చినట్టుంది, పైకొస్తుందిలే అనుకున్నాను."

ఆవిడ నావైపు తిరుగుతోంది. తనంతట తనే. చెయ్యి ఊతం లేకుండా, ఎవరో తిప్పుతున్నట్టు... మెల్లగా...

కరెంటు వచ్చింది.

మంచం మీద ఎవరూ లేరు. పరుపు చుట్టి, తాడు కట్టి ఉంది. మీద వేలు పెడితే ముద్ర పడేంత దుమ్ము. తలుపు పైన బల్బు ఆరిపోయింది. నా చేతిలో చార్టు మాత్రం ఉంది. కాగితం పచ్చబడిపోయింది. పైన తేదీ చదివాను. రెండేళ్ళ కిందటి వారం. ఆ సోమవారం, నాలుగు గంటలప్పుడు, నేను కింద బిస్కట్లు తింటున్నాను.

దాని కింద మంగళవారం వరస. పది గంటల గడి పక్కన ఎర్ర సిరాతో "మరణం" అని ఉంది. పన్నెండింటికి ఎడమ, సంతకం. రెండింటికి కుడి, సంతకం. ఆవిడ పోయాక కూడా శనివారం రాత్రి దాకా రెండు గంటలకోసారి పక్క మార్చారు. ముందే గీకేసిన సంతకాలు, చెరిపే ఓపిక కూడా లేకపోయింది ఎవరికీ. గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. సిగ్గుతో ఏడ్చాను, భయం తర్వాత వచ్చింది.

మెట్లు ఎలా దిగానో తెలియదు. ఆ గదిలో ఎవరున్నారని మేనేజర్ని అడిగాను. రెండేళ్ళుగా ఎవరినీ పెట్టలేదు మేడం, మీ అన్నయ్యగారే మొదలు అన్నాడు. అక్కడే నేల తుడుస్తున్న ఆయా తలెత్తి నన్ను చూసి, మళ్ళీ గబగబా తుడుచుకోవడం మొదలుపెట్టింది.

వదినకి ఫోన్ చేసి అంబులెన్సు వద్దని చెప్పాను.

"మరి ఎవరు తిప్పుతారు ఆయన్ని?" అంది ఏడుస్తూ.

"నేను."

గోడ మీది ఫ్రేము ఊడబీకాను. అది మాది మేడం అంటూ మేనేజరు వెంటపడ్డాడు. "సంతకం నాది" అన్నాను.

చేసిన వెధవ పనంతా విప్పి చెబుతూ మా బృందానికి ఉత్తరం రాశాను. రెండేళ్ళు దాటిన నివేదికలు తిరగదోడే పద్ధతి లేదని జవాబొచ్చింది. నన్ను బృందంలోంచి తీసేశారు, అది న్యాయమే. నా తర్వాత వెళ్ళినాయన ఆ హాస్పిస్‌కి తొంభై నాలుగు వేశాడు. ఆయన మోకాళ్ళు కూడా బాగుండవని విన్నాను.

మర్నాడే అన్నయ్య ఇంటికి మకాం మార్చేశాను. పాత కాలెండరు వెనక స్కేలుతో గీతలు గీసి చార్టు చేసి మంచానికి తగిలించాను. తిప్పడం, రాయడం, సంతకం. తిప్పకుండా ఒక్క గడి నింపలేదు. అన్నయ్య గోడగడియారం చూస్తూ పడుకునేవాడు, రెండు నిమిషాలు ఆలస్యమైతే నర్సమ్మా నీకు కీ ఇవ్వాలి అనేవాడు. మూడు వారాలు గడిచినా వీపు మీద ఎర్ర మచ్చ కూడా పడలేదు. నా బతుకులో గర్వంగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఇవాళ బుధవారం. నాలుగు కావస్తుంటే వేడినీళ్ళ గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్ళాను. వదిన నాతోపాటే వంటింట్లో ఉంది. ఇంట్లో ఇంకెవరూ లేరు.

అన్నయ్య కుడివైపు తిరిగి పడుకుని ఉన్నాడు. వీపు వెనక దిండు నేను పెట్టే పద్ధతిలోనే పెట్టి ఉంది.

"మళ్ళీ వచ్చావేం?" అన్నాడు. "ఇప్పుడే కదా తిప్పి వెళ్ళావు. చేతులు భలే చల్లగా ఉన్నాయే ఇవాళ. నొప్పే తెలియలేదు."

గిన్నె కింద పెట్టి చార్టు తీశాను.

నాలుగు గంటల గడిలో "కుడి". కింద నా సంతకం. నా సంతకమే, నేను పెట్టలేదు. ఆరు గంటల గడిలోనూ ఉంది. ఎనిమిదిలో. పదిలో. రాత్రి పన్నెండులో... కింద గురువారం వరస. రెండు. నాలుగు. ఆరు.

ఎనిమిది నుంచి ఖాళీ.

ఈ కథ చెబుతున్నది గర్వం చాటుకోవడానికి కాదని ఇప్పటికి మీకు తెలిసే ఉంటుంది. పెన్ను తీశాను. జీవితమంతా ఎవరెవరినో ఏ పనికి తిట్టానో ఆ పనే చెయ్యబోయాను. గురువారం ఎనిమిది గంటల గడిలో ముందుగానే "ఎడమ" అని రాసేద్దామని పెన్ను ఆనించాను. శుక్రవారం, శనివారం, నెలంతా, ఏడాదంతా నింపేద్దామనుకున్నాను.

గీత పడలేదు.

విదిలించి, కాగితం అంచు మీద గీసి చూశాను. నల్లగా పడింది.

మళ్ళీ గడిలో పెట్టాను... పడలేదు.

"ఏం రాస్తున్నావే అంతసేపు?" అన్నాడు అన్నయ్య.